ముక్కు విరిగిన పిందె

మొన్న గుడివాడలో మా అల్లుడు కారుకి టైర్లు మార్పించడానికి బయల్దేరుతూ, "ఇంట్లో ఒక్కరూ ఏం చేస్తారు అత్తయ్యా, మీరూ రండి" అని నన్నూ ఎక్కించుకున్నాడు. టైర్ల షాపంటే నా బుర్రలో ఉన్నది గ్రీజు నేల, గోడకు వేలాడే ట్యూబులు, కాలిన రబ్బరు వాసన. ఇక్కడ చూస్తే అద్దాల తలుపులు, చల్లటి గాలి, కూర్చోగానే చేతికి కాఫీ. కౌంటరు దగ్గరున్నాయన పలకలాంటి ఫోను మీద వేలితో తోస్తూ ఒక్కొక్క టైరు బొమ్మా చూపించాడు. ఇది వానలో పట్టు వదలదన్నాడు, ఇది చప్పుడు చెయ్యదన్నాడు, ఇది పెట్రోలు తక్కువ తాగుతుందన్నాడు. బొమ్మలన్నిటి మీదా గీతలే. చూసి చూసి, "ఇందులో పిందెలున్నవి లేవా అండీ?" అని అడిగాను. మా అల్లుడికి కాఫీ పొలమారింది. ఆయన మాత్రం మర్యాదస్తుడు. "ఏ కంపెనీ అండీ అది?" అని వెతకబోయాడు. "పెడన" అన్నాను. పాపం, కాసేపు నిజంగానే వెతికాడు.

నవ్వులాటకి అన్న మాట కాదది. పిందెల టైర్లున్న కారు నేను ఎక్కాను. అది మా మావయ్యది. మావయ్య అంటే మా అమ్మకి అన్నగారు, బందరులో ప్లీడరు. నేను డిగ్రీ చదవడానికి గుడివాడ నుంచి వెళ్ళి ఆయన ఇంట్లో, అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆ కారు ఎవరో దొర సీమకు వెళ్ళిపోతూ మద్రాసులో అమ్మేసినదట. నలుగురైదుగురి చేతులు మారి, చివరికి ఈ ఉప్పుగాలి ఊరికి చేరింది. రెండే తలుపులు, పొడుగాటి మూతి, నేలకి మరీ దగ్గరగా సీట్లు. వెనక ఒక పీటంత జాగా ఉండేది, దాన్నీ సీటనే అనేవాడు మావయ్య. పందేల కోసం కట్టిన కారని గొప్పగా చెబితే, "బందరులో పందెం ఎవరితోరా, జట్కాలతోనా?" అనేది అమ్మమ్మ. ఆవిడ ఎన్నడూ అందులో కాలు పెట్టలేదు. "పడుకుని ఎక్కే కారు నాకెందుకు, పోయాక ఎలాగూ పడుకునేగా పోయేది" అనేది.

మావయ్య పెళ్ళి చేసుకోలేదు. కారునే చేసుకున్నాడని కోర్టులో వేళాకోళం. పొద్దున్నే అమ్మమ్మ కుంపటి రాజేసి డికాక్షన్ దింపేసరికి, ఆయన పాత పంచె ముక్క పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ ఉండేవాడు. ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది కదా, అందుకని కొబ్బరినూనెతో మెరుపు పట్టీలన్నీ రుద్దేవాడు. "పిల్ల జడకి చాలడం లేదు గానీ కారు జుట్టుకి మాత్రం నూనె కావాలి" అని అమ్మమ్మ సీసా దాచేది. ఆయన వెతికి తీసుకునేవాడు. రోజూ ఇదే భాగోతం. గిలకలదిండి రేవు వైపు నుంచి గాలి తిరిగితే ఎండుచేపల వాసన, లేకపోతే కొబ్బరినూనె వాసన, వీటి మధ్య కాఫీ వాసన. బందరు అనగానే ఇప్పటికీ నాకు ముందు ముక్కుకే గుర్తొస్తుంది.

అమ్మమ్మకి ఒక చెల్లెలుండేది, మా చిన్నమ్మమ్మ. దివిసీమలో, నాగాయలంక దాటాక కరకట్ట మీద వెళ్ళాల్సిన ఊరు. అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. వాళ్ళమ్మ పోయినప్పుడు చీరలూ నగలూ మారుమాట లేకుండా పంచుకున్నవాళ్ళు, ఆవిడ కప్పుకున్న అద్దకం దుప్పటి దగ్గర ఆగిపోయారు. ఇద్దరికీ అదే కావాలి. మాటా మాటా పెరిగింది. అమ్మమ్మ కత్తెర తెచ్చి దుప్పటిని నిలువునా రెండు చేసి, ఒక సగం చెల్లెలి ఒళ్ళో పడేసింది. "నువ్వు పిలిస్తే తప్ప నీ గడప తొక్కను" అని ఆవిడ లేచిపోయింది. "నువ్వు పిలిస్తే తప్ప నేనూ రాను" అని ఈవిడ తలుపేసుకుంది. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. నేను పుట్టకముందు మొదలైన ఆ ఎదురుచూపు, నేను కాలేజీకి వచ్చాక కూడా సాగుతూనే ఉంది.

నేను బందరు వచ్చిన ఏడే ఉప్పెన వచ్చింది. దివిసీమ ఎలా అయిందో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పడం నా వల్ల కాదు. దార్లు తెరిపిన పడగానే మావయ్య నడిచీ, పడవెక్కీ ఆ ఊరు చేరాడు. చిన్నమ్మమ్మ మిల్లు మేడ మీద ఎవరెవరి పిల్లలనో చుట్టూ పెట్టుకుని కూర్చుని ఉందట. చిన్నతాతయ్య అంతకు ముందే పోయాడు, ఆవిడకి పిల్లల్లేరు. ఇల్లూ గొడ్డూ ఏదీ మిగల్లేదు. బందరు వచ్చెయ్యమన్నాడు మావయ్య. "అక్క పిలిచిందా?" అని అడిగింది. ఆయన అబద్ధం ఆడలేకపోయాడు. ఇంటికొచ్చి, "పిన్ని బతికే ఉందమ్మా" అన్నాడు. అమ్మమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళి, వేళ కాని వేళ పొయ్యి మీద ఎసరు పెట్టి, ముగ్గురం తినేదానికంటే ఎక్కువ బియ్యం పోసింది.

అప్పటి నుంచీ మావయ్యకి ఆదివారాలు అవనిగడ్డలో ఒక క్లయింటు పుట్టుకొచ్చాడు. ఆదివారం కోర్టేమిటని అమ్మమ్మ ఎప్పుడూ అడగలేదు. పైగా శనివారం సాయంత్రానికి గుమ్మం పక్కన బియ్యం మూట, గోంగూర పచ్చడి జాడీ సిద్ధంగా ఉండేవి. "ఆ క్లయింటుకి కారం పడదురా, తగ్గించి కలిపాను" అనేది. చెల్లెలి పేరు మాత్రం నోట రాలేదు. "పిలవకూడదా అమ్మమ్మా, ఒక్క మాటే కదా" అని నేను అడిగితే, "అన్నం తినెయ్, చల్లారిపోతోంది" అనేది. చల్లారని అన్నం చూపించి అలా అనేది. తిరిగొచ్చాక మావయ్యని అడిగేది ఒక్కటే: "టైర్లు ఎలా ఉన్నాయిరా?" తనకి బొత్తిగా పట్టని కారు, దాని టైర్ల మీద అంత ఆరా ఏమిటా అని నాకు మహా వింతగా ఉండేది. టైర్లు బాగానే ఉన్నాయంటే చెల్లెలు బాగానే ఉందని ఆవిడ లెక్క. ఆ సంగతి నాకు కొన్ని ఆదివారాలు గడిస్తే గానీ తెలియలేదు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఒక ఆదివారం మావయ్య మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. కట్ట మీద కారు జారి పక్కకి దిగబడితే గేదెల్ని కట్టి లాగించారట. టైర్లు నాకూ చూపించాడు. తిరుపతిలో మొక్కు తీర్చుకున్నట్టు నాలుగూ నున్నటి గుండ్లే. "ఇంక వీటితో కట్ట ఎక్కడం నా వల్ల కాదమ్మా. నాగాయలంక దాకా బస్సుంది గానీ, ఈ మూటలు మోసుకుని ఆ బురదలో ఎలా నడవను? వానలయ్యాకే" అన్నాడు. "అన్నాళ్ళూ ఆ క్లయింటు ఏం తింటాడురా?" అంది అమ్మమ్మ. మర్నాటి నుంచీ మా ఇంట్లో టైర్ల వేట మొదలైంది.

ఆ సైజు మన దేశంలో రాదని మద్రాసు నుంచి కబురొచ్చింది. కోనేరు సెంటరు దగ్గర పంక్చర్లు వేసే బాషా గారు, "టైరు బండికి వేసేవి పెట్టి చూద్దామా ప్లీడరు గారూ?" అన్నారు. పెట్టి చూశారు. కారు బాతు నడక నడిచి, మలుపు తిప్పగానే రేకుకి టైరు రాసుకుని కీచుమంది. బాషా గారే చెవులు మూసుకున్నారు. తర్వాత మావయ్యకి గిలకలదిండి గుర్తొచ్చింది. రేవులో పడవలు ఒకదానికొకటి కొట్టుకోకుండా పక్కలకి పాత టైర్లు వేలాడదీస్తారు కదా, వాటిలో ఏ సీమ కారు టైరైనా ఉండకపోతుందా అని ఆశ. నన్ను వెంటేసుకుని వెళ్ళి, దర్జీ టేపు పెట్టి పడవ పడవకీ కొలవడం మొదలుపెట్టాడు. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు పని ఆపేసి చూస్తున్నారు. ఒకాయన, "ఏంటండీ ప్లీడరు గారూ, మా పడవకి చొక్కా కుట్టిస్తారా ఏంటి?" అన్నాడు. "కుట్టిస్తే చేతులు పొడుగు పెట్టించండి, రాత్రుళ్ళు చలి" అన్నాడు ఇంకొకాయన. సరైన సైజుది ఒకటి దొరికింది గానీ, ఉప్పునీళ్ళకి పెళుసెక్కి వేలు పెడితే పొడి రాలింది. నాకు మాత్రం ఆ పూట భలే గడిచింది. ఏ రెండు టైర్ల మీదా గీతలు ఒకలా లేవని మొదటిసారి చూశాను.

చివరికి గుడివాడలో తేలింది. మిల్లు లారీల టైర్లకి కొత్త రబ్బరు అతికించి కాల్చి ఇచ్చే షాపు ఉండేది. ఆయన మావయ్య టైర్లు తిప్పి తిప్పి చూసి, "లోపల గుడ్డ గట్టిగానే ఉందండీ. మందంగా రబ్బరు వేసి ఇస్తాను. కానీ ఈ సైజుకి నా దగ్గర గీతల అచ్చు లేదు. నున్నగా వస్తాయి" అన్నాడు. "నున్నగా ఉంటే బురదలో మళ్ళీ గుండేగా?" అన్నాడు మావయ్య. "ఎవరన్నా చేత్తో చెక్కుకోవాలండీ మరి" అని ఆయన వేరే టైరు అందుకున్నాడు. బందరుకి తిరిగి బయల్దేరాం. పెడన దాటుతుండగా ఒక్కసారి బ్రేకు వేశాడు. అద్దకం అచ్చులు చెక్కే నాగలింగం గారు అక్కడే ఉంటారు, ఆయన స్థలం తగాదా మావయ్యే చూస్తున్నాడు.

నాగలింగం గారు ఉలుల సంచీ చంకన పెట్టుకుని బందరు వచ్చారు. కొత్త రబ్బరు వేయించుకుని వచ్చిన నాలుగు టైర్లూ వీధరుగు మీద. టేకు చెక్క తప్ప ఎరగని చేతికి రబ్బరు లొంగలేదు. ఉలి జారింది, ఆయనా జారారు, ఒకసారి టైరే దొర్లుకుంటూ వెళ్ళి కుళాయి దగ్గర ఆగింది. ఆఖరికి ఉలి కాల్చి పెడితే తెగుతోందని కనిపెట్టి అమ్మమ్మ కుంపటి అరుగు మీదికి తెప్పించారు. ఇల్లంతా కాలిన రబ్బరు కంపు. "నా కుంపటి మైల పడింది, ఇంక కాఫీ ఎవరూ అడక్కండి" అని అమ్మమ్మ శాపనార్థాలు పెట్టింది. కానీ లోపలికి వెళ్ళలేదు, గుమ్మానికి ఆనుకుని అలా చూస్తూనే ఉంది.

ముందు చక్రాలకి వంకర గీతలు చెక్కడం అయ్యాక, అమ్మమ్మ నోరు విప్పింది. "గీతలేనా? నీకు పిందె రాదా?"

"రాకపోవడమేంటమ్మగారూ! మా తాతల నుంచీ పిందె మీదే బతుకుతున్నాం" అన్నారాయన.

"అయితే వెనక చక్రాలకి మధ్యలో వరసగా పిందెలు వెయ్యి. అటూ ఇటూ నీ గీతలేవో నువ్వు గీసుకో."

"అమ్మా, అది టైరమ్మా, చీర అంచు కాదు" అన్నాడు మావయ్య.

"నేనేమన్నా ముందువాటికి వెయ్యమన్నానా? వెనకవాటికేగా" అని, నా వైపు తిరిగి, "పెట్టెలో అడుగున దుప్పటి ముక్కుంటుంది, పట్రా" అంది.

ఆ సగం దుప్పటిని అంత వెలుతురులో చూడడం నాకు అదే మొదలు. అద్దకానికి పట్టించిన కరక్కాయ వాసన ఇంకా పోలేదు. ఎర్రటి మామిడి పిందెలు బారులు బారులుగా ఉన్నాయి. ఆ కాలంలో అద్దినాయన అచ్చు ఎక్కడో దెబ్బ తిని ఉంటుంది, ప్రతి పిందెకీ ముక్కు కొసన చిన్న విరుపు. అమ్మమ్మ ఆ విరుపు మీద వేలు పెట్టి, "ఇలాగే రావాలి. ముక్కు విరగ్గొట్టు" అంది.

నాగలింగం గారు ఉలి కింద పెట్టేశారు. "అమ్మగారూ, నా చేత్తో లోపం చెక్కమంటారా? పెడనలో తెలిస్తే నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

"పెడనలో ఎవరు చూడొచ్చారయ్యా? బురదేగా చూసేది."

మావయ్య దుప్పటి వంక చూశాడు, అమ్మమ్మ వంక చూశాడు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "వెయ్యండి నాగలింగం గారూ, అమ్మ చెప్పినట్టే వెయ్యండి" అన్నాడు. "పట్టు కోసమేరా, ఊరికే ఏదో అనుకోకండి" అని అమ్మమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వెనక చక్రాలకే ఎందుకని నేను వెంటపడి అడిగాను. "మా నాన్న పెద్ద బండికి నాలుగు చక్రాలుండేవి. మేమిద్దరం వెనక కాళ్ళు వేలాడేసి కూచుని దారి చూసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ముందు చక్రం వేసిన గుర్తుని వెనక చక్రం తొక్కేస్తుందే. దారిలో మిగిలేది వెనకదే" అంది. మేమిద్దరం అన్నది చెల్లెలినీ కలుపుకునే అని నాకు అర్థమయ్యేసరికి, ఆవిడ కూర తరగడంలో పడింది.

ఆ ఆదివారం చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. వెనక పీటలో పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని నేనున్నాను. "నోరెత్తి చెప్పారంటే ఊరుకోను, చూస్తే చూస్తుంది, లేకపోతే లేదు" అని అమ్మమ్మ మరీ మరీ చెప్పి పంపింది. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ దగ్గర నది దాటాక అవనిగడ్డ. కరకట్ట ఎక్కాక నేను మెడ తిప్పి వెనకద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. నల్లటి బురద మీద మా వెనకే పిందెలు, ఒకదాని వెంట ఒకటి. ధర్మసంస్థ వాళ్ళు కట్టిచ్చిన ఒంటి గది ముందు కారు ఆగింది. చిన్నమ్మమ్మ సన్నగా, నిటారుగా, అచ్చం అమ్మమ్మలానే కోపంగా ఉన్నట్టుండే మొహంతో వచ్చింది. జాడీ అందుకుంది, "మళ్ళీ ఎందుకురా ఇవన్నీ" అంది, మజ్జిగ ఇచ్చింది. నేల వైపు చూడనే లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"టైర్లు ఎలా ఉన్నాయిరా?" అని అడిగింది అమ్మమ్మ, మేం గుమ్మంలో కాలు పెట్టకముందే. బాగా పట్టాయన్నాడు మావయ్య. "ఎవరన్నా చూశారా?" అంది. ఎవరూ చూడలేదన్నాడు. ఆవిడ తలూపి, దీపం వత్తి సరిచేసుకుంటూ ఉండిపోయింది. ఆ వారం మధ్యలో పెద్ద వాన కురిసింది. వానని చూస్తూ కూర్చున్నప్పుడు ఆవిడ మొహం చూసి, నాకు మొదటిసారి అమ్మమ్మ మీద జాలేసింది. ఆవిడ జాలి పడనిచ్చే మనిషి కాదు.

మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి, ఆ గది ముందు వాకిట్లో ఒక గంప బోర్లించి ఉంది, పైన గోనె, గోనె మీద రాయి. కోడిపిల్లలున్నాయేమోనని ముచ్చటపడి ఎత్తబోయాను. "ముట్టుకోకు!" అని లోపల్నుంచి కేక వేసింది చిన్నమ్మమ్మ. వచ్చి, తనే రాయి తీసి, గోనె తీసి, గంప మెల్లగా పైకెత్తింది. చుట్టూ నేలంతా వానకి చదునైపోయింది. గంప కింద మాత్రం చక్రం జాడ చెక్కు చెదరకుండా ఎండి గట్టిపడి ఉంది. ముక్కు విరిగిన పిందెలు మూడు, మొహాలు ఇంటి వైపు తిప్పుకుని.

"ఇవి వచ్చేటప్పటివి" అంది చిన్నమ్మమ్మ. "వెళ్ళేటప్పటివి అటు తిరిగున్నాయి. వాటిని వానకి వదిలేశాను."

మావయ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నా సగం దుప్పటి సముద్రం పట్టుకుపోయిందిరా. ఆ పూట పోయిన ప్రాణాలకి కూడా అంత ఏడవలేదు. మీ అమ్మతో చెప్పు, పిలిచింది, నాకు వినపడిందని. అలాగని నేను రాను. దుప్పటి చింపింది తను. రమ్మన్నానని చెప్పు." గంప మళ్ళీ బోర్లించి, రాయి పెట్టి, అప్పుడు మాకు మజ్జిగ తెచ్చింది.

ఇవన్నీ మొన్న ఆ చల్లటి షాపులో కూర్చుని తలుచుకున్నాను. మా అల్లుడు చివరికి వానలో పట్టు వదలని రకమే ఎంచుకున్నాడు. మంచివే, నున్నగా వెళ్తోంది కారు. కరకట్ట మీద కూడా ఇప్పుడు తారు పోశారు, చినుకు పడ్డా ఆదివారం ప్రయాణం ఆగదు. దానికి నేను సంతోషించేదాన్నే, గేదెల్ని కట్టి కారు లాగించిన రోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? అలిగితే ఫోనులో ఒక్క నొక్కు నొక్కి పలకరించుకోవచ్చు కూడా. మా ఇంట్లో అలిగినవాళ్ళు ఎందుకు నొక్కరో మరి. కారు వచ్చి వెళ్ళాక మా వాకిట్లో సిమెంటు మీద ఏమీ మిగల్లేదు. అలవాటు కొద్దీ ఒంగి చూశాను.

ఆ ఆదివారం చిన్నమ్మమ్మ కబురు విని అమ్మమ్మ "నేనా? ఆ కార్లోనా?" అంది. మర్నాడు తెల్లారేసరికి జరీ చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కోర్టుకి సెలవు పెట్టించింది. సీటు రెక్సిను ఎండకి కాలుతుందని సగం దుప్పటి నాలుగు మడతలు వేసి పరుచుకుంది. మావయ్య ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని దింపితే, మునగదీసుకుని, అందర్నీ తిట్టుకుంటూ, ఎలాగో పడింది లోపల. దారంతా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. కరకట్ట ఎక్కాక, "పడుతున్నాయా?" అని అడిగింది. వెనక్కి చూసి, పడుతున్నాయన్నాను.

గది ముందు కారు ఆగింది. చిన్నమ్మమ్మ గుమ్మంలో నిలబడింది. అమ్మమ్మ తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టింది. అంతే, లేవలేకపోయింది. పందేలకి కట్టిన కారు కదా, అంత లోతులోంచి ముసలి మోకాళ్ళు లేవవు. మావయ్య దిగబోతుంటే నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని ఆపాను. చిన్నమ్మమ్మ చూస్తూ నిలబడింది. ఇద్దరి మొహాలూ ఒకే రకంగా బిగుసుకుని ఉన్నాయి. తర్వాత ఆవిడ వాకిట్లోకి నడిచి వచ్చి, గంప పక్కనుంచి జాగ్రత్తగా అడుగు వేసి, రెండు చేతులూ చాపింది. "ఏం కారే ఇది అక్కా, పడుకుని ఎక్కాలా?" అంది. అమ్మమ్మ ఆ చేతులు పట్టుకుంది. "నేనూ అదే అంటాను, వింటాడా వీడు?" అంది. లేచి నిలబడ్డాక కూడా ఇద్దరూ చేతులు వదల్లేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో నేను కూర్చున్నాను. పగలంతా ఎండలో ఉన్న సీటు చుర్రున కాలింది. దుప్పటి అక్కడే ఉండిపోయింది, అమ్మమ్మా అక్కడే ఉండిపోయింది.